చెలియలికట్టకు ఆవల

తెలుగు భాషలో సముద్రతీరమునకు చెలియలికట్ట యని యొక అందమైన పేరు గలదు. కడలి యెంత పొంగినను దాటరాని గట్టు అది యని పూర్వుల భావన. కెరటము అక్కడివఱకు వచ్చి వెనుకకు మరలవలసినదే. ఈ విధముగ సముద్రమునకు భూమివైపు ఒక హద్దును మనవారు ఊహించిరి. కాని భూమిపైనున్న మానవునకు సముద్రమువైపు హద్దెక్కడ? ఒక రాజ్యము యొక్క అధికారము నీటిలో ఎంత దూరము చెల్లును? దానికి ఆవలనున్న నీరు ఎవరిది? ఆ నీటిలోని చేప ఎవరిది? ఆ నీటి అడుగుననున్న లోహము ఎవరిది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటలో లోకమునకు అయిదు శతాబ్దములు గడచినవి. ఆ వెదకులాట ఫలితముగ 320 అధికరణములు గల మహా ఒప్పందమొకటి నేడు మన యెదుట నున్నది. 1982లో సంతకములు జరిగిన ఆ ఒప్పందమును సముద్రముల రాజ్యాంగమని పిలుచుట కలదు.

మన పాఠశాలలలో చరిత్ర యనగా చాలవఱకు యుద్ధముల పట్టిక. సంధి యనగా యుద్ధము ముగిసిన తేదీ. అందుచేత ఒప్పందములన్నియు రాయబారులు విందు తరువాత చేయు లాంఛనములను భావము విద్యార్థుల మనస్సులలో నాటుకొనుచున్నది. సముద్రపు ఒప్పందముల చరిత్రను కొంచెము శ్రద్ధతో చదివినచో ఈ భావము నిలువదు. చట్టము లేనిచోట స్వేచ్ఛ యనునది బలవంతునికి మాత్రమే స్వేచ్ఛ. చిన్న దేశమునకు గాని, చిన్న పడవవానికి గాని నీటిపై గల రక్షణ నలుగురు కూడి యిచ్చిన మాట యొక్కటే. ఆ మాటను బలవంతుడు కూడ నిలుపుకొన్ననాడే అది రక్షణ యగును. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఇంతమాత్రమే. దీనికి చరిత్ర చూపు సాక్ష్యమును పరిశీలింతము.

1494లో స్పెయిను, పోర్చుగలు రాజ్యములు తార్దెసిల్లాసు అను పట్టణమున ఒక సంధి చేసికొనినవి. కేప్ వెర్దీ దీవులకు పడమరగా 370 లీగుల దూరమున ఉత్తర దక్షిణములుగ ఒక గీత గీసి, దానికి పడమటిదిక్కు స్పెయినునకు, తూర్పుదిక్కు పోర్చుగలునకు అని పంచుకొనినవి. హిందూమహాసముద్రమున తరతరములుగ ఓడలు నడుపుచున్న అరబ్బులను, గుజరాతీలను, మలయాళీలను, తెలుగువారిని అడిగినవారు లేరు. అనంతరము పోర్చుగీసువారు మన సముద్రమునకు వచ్చి, తమ అనుమతిపత్రము లేని ఓడను పట్టుకొని సరకు లాగుకొనుట తమ హక్కని ప్రకటించిరి. ఆ పత్రమునకు కర్తాజు అని పేరు. తాతలనాటినుండి తిరిగిన నీటిపై తిరుగుటకే వర్తకుడు పరాయివానికి రుసుము చెల్లింపవలసి వచ్చెను. ఇద్దరు కూర్చుండి మూడవవాని సొమ్మును పంచుకొనుట ఆనాటి సముద్రసంధుల స్వభావము.

ఈ గుత్తాధిపత్యమును ప్రశ్నించినవాడు హ్యూగో గ్రోషియస్ అను డచ్చి న్యాయవేత్త. 1603లో సింగపూరు సమీపమున డచ్చివారు శాంతా కాతరీనా యను పోర్చుగీసు ఓడను పట్టుకొనిరి. ఆ చర్యను సమర్థించుటకై ఆయన వ్రాసిన గ్రంథములోని యొక ప్రకరణము 1609లో ‘స్వేచ్ఛాసముద్రము’ అను అర్థము గల లాటిను పేరుతో వెలువడెను. గాలివలె సముద్రమును ఎవ్వరును ఆక్రమింపజాలరు, అది యందఱును వాడుకొనదగినది అని ఆయన వాదము. వాదము గంభీరమైనదే. కాని దాని వెనుక డచ్చి ఈస్టిండియా కంపెనీ ప్రయోజనము నిలిచి యున్నదని మఱువరాదు. ఆ కంపెనీవారే 1605 ప్రాంతమున మన మచిలీపట్టణమున దిగి, బట్టల వ్యాపారమునకు స్థావరము నేర్పరచుకొనిరి. మొలుక్కా దీవులలో లవంగము, జాజికాయ తమ చేతికి చిక్కగానే ఇతరులను దరిచేరనీయరైరి. 1613లో లండనులో చర్చలు జరిగినపుడు ఆంగ్లేయులు ‘స్వేచ్ఛాసముద్ర’ వాదమునే డచ్చివారి యెదుట నిలిపిరి. ఆ డచ్చి ప్రతినిధులలో గ్రోషియస్ కూడ ఉండెను! స్వేచ్ఛను కోరినవానికే అది యిబ్బందియైనది.

ఇంగ్లండున జాన్ సెల్డెన్ అను పండితుడు 1635లో దీనికి ప్రతివాదముగ ‘మూసిన సముద్రము’ అను అర్థము గల పేరుతో గ్రంథమును ప్రకటించి, తమ దీవి చుట్టునున్న సముద్రము తమ రాజునకే చెందునని వాదించెను. కాలక్రమమున ఈ రెండు వాదములకు నడుమ ఒక రాజీ కుదిరెను. ఆయుధబలము ముగియుచోట భూమి యొక్క అధికారము ముగియునని బింకర్‌షూక్ అను డచ్చి న్యాయవేత్త 18వ శతాబ్దారంభమున సూత్రీకరించెను. తీరముననున్న ఫిరంగి యెంత దూరము కాల్చగలదో అంతవఱకు ఆ దేశపు నీరన్నమాట. ఆ శతాబ్దాంతమునకు అది మూడు నావికా మైళ్లుగ లెక్కకు వచ్చినది. నావికా మైలనగా 1852 మీటర్లు. కఱ్ఱ యున్నవానిదే బఱ్ఱె యను మన సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. ఆ మూడు మైళ్లకు ఆవల స్వేచ్ఛ యుండెను. నౌకాదళము గలవాని స్వేచ్ఛ.

అయితే సముద్రముపై ధర్మము అను భావము యూరపుననే పుట్టినదని మన విద్యార్థులు తలపరాదు. గ్రోషియస్ పుస్తకమునకు మూడున్నర శతాబ్దములకు పూర్వమే, 1244–45లో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున నొక అభయశాసనము వేయించెను. ఆ గ్రామము నేటి బాపట్ల జిల్లాలో నున్నది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచు తుపానునకు చిక్కి, పగిలి, తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగ హరించుచుండిరట. ప్రాణమునకు తెగించి సముద్రముపై తిరుగు వర్తకులయందు దయతోడను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును తాము నియమితమైన సుంకము దప్ప మఱేమియు గైకొనమని చక్రవర్తి ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక పాలు.

ఇందు రాజునకు లాభము లేకపోలేదు. భయము తీరినచో ఓడలు వచ్చును, ఓడలు వచ్చినచో బొక్కసము నిండును. అయినను శాసనములోని దృష్టిని గమనింపుడు. సముద్రధర్మమునకు గీటురాయి ఏది? పగిలిన ఓడలో ఒడ్డున పడిన వర్తకుని ఎట్లు చూచుచున్నాము అనునదే. కాని ఇది ఒక రాజు తనంతట తానిచ్చిన మాట. రాజు మాఱినచో మాట మాఱవచ్చును. రెడ్డిరాజగు అనపోతారెడ్డి 1358లో అదే రేవున వర్తకులకు మరల అభయమీయవలసి వచ్చుట దీనికి నిదర్శనము. ఒక రాజు దయ పదిమంది రాజుల కట్టుబాటుగ మాఱవలెనన్నచో ఒప్పందము కావలయును. ఆ పని జరుగుటకు 20వ శతాబ్దము రావలసి వచ్చెను.

1930లో హేగ్ నగరమున సమావేశమైన దేశములు తీరజలముల వెడల్పును తేల్చలేకపోయినవి. 1945 సెప్టెంబరు 28న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ తీరమును ఆనుకొని నీటి క్రింద అరుగువలె సాగిన భూభాగములోని సంపద తమదే యని ప్రకటించెను. భూగోళ పాఠములలో మనము ఖండతీరపు అంచు అని చెప్పుచున్నది దీనినే. ఆ ప్రకటన వెనుక చమురుండెను. పెద్దవాడు గట్టు జరిపిన పిదప చిన్నవాడు ఊరకుండునా? 1947లో చిలీ, పెరూ దేశములు 200 మైళ్లవఱకు సముద్రము తమదనెను. 1958లో జెనీవాలో 86 దేశములు కూడి నాలుగు ఒప్పందములను సిద్ధపఱచినవి. కాని తీరజలముల వెడల్పు మాత్రము తేలలేదు. 1960లో మరల కూడిరి. ఆఱు మైళ్లు తీరజలములు, ఆపై ఆఱు మైళ్లు చేపల హక్కు అను రాజీ ఒక్క ఓటు తక్కువై వీగిపోయెను. ఆ ఒక్క ఓటు కొఱత వలన చేపలకై తగవులు పెరిగినవి. చిన్న దేశమగు ఐస్లాండు తన హద్దును 12కు, 50కి, చివరకు 200 మైళ్లకు పెంచగా బ్రిటను తన యుద్ధనౌకలను పంపెను. ఆ కలహము 1976 వఱకు చల్లారలేదు.

ఈ గందరగోళముననే ఒక కొత్త మాట వినబడెను. 1967 నవంబరు 1న ఐక్యరాజ్యసమితిలో మాల్టా దేశపు రాయబారి ఆర్విడ్ పార్డో లేచి నిలిచెను. మాల్టా మధ్యధరా సముద్రమున నొక చిన్న దీవి. స్వతంత్రమై అప్పటికి మూడేండ్లు. ఏ దేశపు హద్దులోనికిని రాని సముద్రగర్భమును మానవజాతి ఉమ్మడి వారసత్వముగ ప్రకటింపవలెనని ఆయన కోరెను. గ్రోషియస్ దృష్టిలో సముద్రము ఎవరిదియు కాదు. పార్డో దృష్టిలో దాని గర్భము అందఱిదియు. ఈ రెంటికిని భేదము స్వల్పమని తోచవచ్చును. ఎవరిదియు కానిదానిని ముందు చేరినవాడు తీసికొనును. అందఱి సొత్తును తీసికొనువాడు అందఱికిని లెక్క చెప్పవలెను. ఉమ్మడి కుటుంబము నెఱిగిన మన పాఠకులకు దీనిని విడమఱచి చెప్పనక్కఱలేదు.

1973లో మూడవ సముద్రన్యాయ మహాసభ ప్రారంభమయ్యెను. మొదటి అధ్యక్షుడు శ్రీలంకకు చెందిన అమరసింగె. ఆయన 1980లో మరణింపగా సింగపూరునకు చెందిన టామీ కోహ్ ఆ బాధ్యతను స్వీకరించెను. తొమ్మిదేండ్లపాటు సాగిన ఆ చర్చలలో అగ్రరాజ్యములతో సమముగ చిన్న దేశములు మాటాడినవి. తీరమే లేని నేపాలమువంటి దేశములు సముద్రమును చేరు మార్గమును కోరినవి. దీవుల సముదాయములగు ఇండొనేషియా, ఫిలిప్పీన్సు, ఫిజీ తమ దీవుల నడుమనున్న నీరు తమదే యనినవి. నౌకాదళములు గల దేశములు జలసంధులలో తమ ఓడలకు అడ్డుండరాదనినవి. ప్రతివాడును కొంత విడిచి కొంత పొందెను. చివరకు 1982 ఏప్రిల్ 30న ఓటు జరుగగా 130 దేశములు అనుకూలముగను, 4 ప్రతికూలముగను నిలిచినవి. 17 తటస్థముగ ఉండినవి. డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో 119 సంతకములు పడినవి. 60 దేశముల ధ్రువీకరణ పూర్తియై, 1994 నవంబరు 16న ఒప్పందము అమలునకు వచ్చెను. మన దేశము 1995లో ధ్రువీకరించెను. నేడు సుమారు 170 సభ్యులు దీనికి లోబడియున్నారు. అమెరికా నేటికిని చేరలేదు.

ఈ ఒప్పందము సముద్రమును మెట్లు మెట్లుగ విభజించినది. తీరమునుండి 12 మైళ్లవఱకు ప్రాదేశిక జలములు. అందు తీరదేశమునకు సార్వభౌమాధికారము. ఇతర దేశముల ఓడలు హానిచేయక దాటిపోవచ్చును. తీరమునుండి 200 మైళ్లవఱకు ఆర్థిక మండలము. అందలి చేపపై, చమురుపై, ఖనిజముపై హక్కు తీరదేశానిదే, రాకపోకలు మాత్రము అందఱివి. దానికి ఆవల అంతర్జాతీయ జలములు. సముద్రగర్భపు ఖనిజములను పర్యవేక్షించుటకు జమైకాలోని కింగ్‌స్టనున ఒక సంస్థయు, తగవులు తీర్చుటకు జర్మనీలోని హాంబర్గున ఒక న్యాయస్థానమును ఏర్పడినవి. ఆ న్యాయస్థానమునకు 1999 నుండి 2002 వఱకు అధ్యక్షుడుగ నుండినవారు మన తెలుగువారగు పాటిబండ్ల చంద్రశేఖరరావుగారు. ఈ సంగతి మన పాఠశాలలలో ఎందఱికి తెలియును?

ఇక ఒప్పందము నిలిచినచోటును, నిలువనిచోటును చూతము. బంగాళాఖాతమున మన దేశమునకును బంగ్లాదేశమునకును సముద్రపు హద్దు విషయమై చిరకాలము తగవుండెను. 2014 జూలై 7న హేగ్‌లో మధ్యవర్తి మండలి తీర్పు చెప్పి, తగవులోనున్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 చదరపు కిలోమీటర్లను బంగ్లాదేశమునకు ఇచ్చినది. మన దేశము ఆ తీర్పును శిరసావహించినది. బలము మనది, నష్టము మనది. అయినను ఇచ్చిన మాటను తప్పలేదు. ఇది ఓటమియని కొందఱు తలంతురు. నా దృష్టిలో ఇటీవలి మన దౌత్యచరిత్రలో గర్వింపదగిన ఘట్టములలో ఇదియొకటి.

దీనికి భిన్నముగ దక్షిణ చీనా సముద్ర విషయమున 2016 జూలై 12న ఫిలిప్పీన్సునకు అనుకూలముగ వచ్చిన తీర్పును చీనా త్రోసిపుచ్చినది. ఆ తీర్పులో భాషోపాధ్యాయులకు ఆసక్తి గొలుపు అంశ మొకటి గలదు. మనుష్యులు స్థిరముగ నివసింపలేని, తనకు తానై ఆర్థికజీవనము నడుపుకొనలేని రాతిగుట్టకు 200 మైళ్ల మండలము లేదని ఒప్పందము చెప్పుచున్నది. కనుక ఫలానా స్థలము దీవియా, రాయియా యను శబ్దార్థవిచారముపై వేలకొలది చదరపు మైళ్ల సముద్రము ఆధారపడినది. మాటకు అర్థము తేల్చుట పనికిమాలిన పాండిత్యమని యిక నెవ్వరును అనజాలరు.

పెద్ద దేశముల మాట యట్లుండగా, చెలియలికట్టనుండి తెప్పను త్రోసికొని పోవు సామాన్యుని సంగతి యేమి? 2018 చివర గుజరాతు తీరమున పడవలపై కూలికి పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తానువారికి చిక్కిరి. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దున మాతృభూమిపై అడుగిడిరి. 2025లో వచ్చిన ‘తండేల్’ అను చలనచిత్రమునకు ఈ ఉదంతమే ఆధారము. సముద్రపు ఒప్పందములోని 73వ అధికరణము ఏమి చెప్పుచున్నదో చూడుడు: ఆర్థిక మండలమున చేపల చట్టమును అతిక్రమించినవానికి, ఆయా దేశములు వేఱుగ ఒడంబడిననే తప్ప, చెఱసాల శిక్ష వేయరాదు, తగిన పూచీ తీసికొని పడవను, మనుష్యులను వెంటనే విడువవలెను. మన దేశము 1995లో, పాకిస్తాను 1997లో ఈ ఒప్పందమును ధ్రువీకరించినవి. అయినను ఉభయదేశముల చెఱసాలలలోను రెండవవారి మత్స్యకారులు ఏండ్లకొలది మ్రగ్గుచుండుట అందఱును ఎఱిగినదే. ఏటేట జనవరి 1న, జూలై 1న రెండు ప్రభుత్వములును ఆ ఖైదీల జాబితాలను మార్చుకొనుచుండుటయే దీనికి సాక్ష్యము.

పై సూత్రము 12 మైళ్లలోపల వర్తింపదని న్యాయవాదులు చెప్పవచ్చును. సర్ క్రీక్ కడ హద్దే తేలలేదనియు చెప్పవచ్చును. రెండును నిజమే. కాని తేలని హద్దును, కంటికి కానరాని గీతను, గాలివాటున దాటిన కూలివానికి చెఱసాల తగునా? దొరికిన చేప పోవును, పడవ పోవును. ఇంట ఇల్లాలు భర్త బ్రతికియున్నాడో లేడో తెలియక దినములు లెక్కించును. ఎనిమిది వందల యేండ్లనాడు సముద్రము విసరివేసిన పరదేశి వర్తకునకు మోటుపల్లిలో లభించిన అభయము నేటి మత్స్యకారునకు లభింపకుండుట నాగరకతకు మచ్చ. ఒప్పందపు ఆశయమును అనుసరించి, హద్దు దాటిన మత్స్యకారుని విచారించి వెంటనే పంపివేయు కట్టుబాటును ఉభయదేశములు చేసికొనవలెను. అందుకు మన దేశమే ముందడుగు వేసినచో 2014లో చూపిన పెద్దఱికమునకు తగియుండును.

ఇంకొక పరీక్ష సముద్రగర్భమున ఎదురగుచున్నది. నాలుగైదు కిలోమీటర్ల లోతున మాంగనీసు, నికెలు, కోబాల్టు గల ముద్దలు పరచుకొనియున్నవి. అవి మిలియను సంవత్సరములకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. మన పూర్వులు కడలికి రత్నాకరమని పేరిడుట నిజమే యైనది. వాటిని వెలికితీయు నియమములు కింగ్‌స్టను సంస్థలో 2025 నాటికిని పూర్తికాలేదు. తీసినచో అచ్చటి జీవజాలము ఏమగునో తెలియువఱకు ఆగవలెనని ముప్పదికి పైగా దేశములు కోరుచున్నవి. ఇంతలో 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు, ఒప్పందముతో నిమిత్తము లేక, తమ దేశపు చట్టము ననుసరించి అంతర్జాతీయ సముద్రగర్భమున త్రవ్వకములకు అనుమతులిచ్చు పనిని వేగిరపఱచుడని ఆజ్ఞ జారీచేసెను. ట్రూమన్ గట్టు జరిపిన యెనుబదియేండ్లకు కథ మరల మొదటికి వచ్చుచున్నదా యని అనుమానము కలుగుచున్నది. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినట్లు అను సామెత ఉమ్మడి వారసత్వమునకు వర్తింపరాదన్నచో, లెక్క చెప్పించుకొను సంస్థను బలపఱచుట తప్ప వేఱు మార్గము లేదు. మన దేశమునకును హిందూమహాసముద్రపు అడుగున 1987నుండి అన్వేషణహక్కు గలదు గనుక ఈ బాధ్యతలో మనకును పాలున్నది.

ఆశకు కూడ తావున్నది. అంతర్జాతీయ జలములలోని జీవజాలమును కాపాడుటకై దాదాపు రెండు దశాబ్దములు చర్చించి, 2023 జూన్ 19న దేశములు మఱియొక ఒప్పందమును ఆమోదించినవి. 2025 సెప్టెంబరున 60 దేశముల ధ్రువీకరణ పూర్తియై, అది 2026 జనవరి 17 నుండి అమలునకు వచ్చినది. యుద్ధములతో లోకము చీలియున్న దినములలో కూడ ఇట్టి పని జరుగగలదని దీనివలన తెలియుచున్నది.

సైన్యము లేని ఒప్పందమునకు విలువ యేమున్నదని కొందఱు ప్రశ్నింతురు. ఒప్పందము తనంతట తాను ఎవ్వరిని ఆపజాలదు, నిజమే. కాని అది లేని దినములలో తప్పు చేసినవానిని తప్పు చేసితివని అనుటకైనను ఆధారము లేకుండెను. కర్తాజును కొనలేని వర్తకుడు ఎవరికి మొఱపెట్టుకొనెను? నేడు బంగ్లాదేశము మనవంటి పెద్ద దేశమును న్యాయపీఠము ముందుకు పిలువగలిగినది, మనము పోయితిమి. ఈ మార్పు ఫిరంగి తెచ్చినది కాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. భారతదేశపటమును గీయించునపుడు తీరరేఖతో కలము ఆగిపోవుచున్నది. ఆవల అంతయు ఒకే నీలిరంగు. ఇకమీదట 12 మైళ్ల గీతను, 200 మైళ్ల గీతను కూడ గీయింపుడు. ఆ రెండవ గీతలోపల ఇరువది లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా మనకు హక్కుగల సముద్రమున్నదని చెప్పుడు. ఆ హక్కు మనకు ఏ యుద్ధము వలనను రాలేదనియు, నలుగురితో కూర్చుండి మాటాడుట వలన వచ్చినదనియు చెప్పుడు. పిదప 73వ అధికరణమును తరగతిలో చదివించి, శ్రీకాకుళపు మత్స్యకారుని కథ చెప్పి, ఇచ్చిన మాట ఎంతవఱకు నిలిచినదో పిల్లలనే తేల్చుడనుడు.